దొరికింది సరే, అది బతికుందా?

చి. బుజ్జికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, ఎల్ఎల్ఎం డిసర్టేషన్‌కి ఏజెన్సీ భూముల చట్టాలు తీసుకున్నావని చెప్పింది. అంతటితో ఆపితే సంతోషంగా పడుకునేదాన్ని. మీ కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్‌కి వచ్చేవాళ్ల కేసులకు కావలసిన తీర్పులూ జీవోలూ కూడా నువ్వే వెతికి పెడతానన్నావట. "అన్నీ లైబ్రరీ డేటాబేసుల్లో ఉంటాయమ్మా, పది నిమిషాల పని" అన్నావట. ఆ పది నిమిషాల మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

31 ఏళ్లు లా కాలేజీ లైబ్రరీలో పనిచేశాను. నేను బైండింగ్ చేయించిన ఏఐఆర్ వాల్యూముల్లో ఉన్న తీర్పులే మా ఇంటి పిల్ల ఈరోజు కంప్యూటర్‌లో తీసి చదువుతోందంటే గర్వంగా ఉండదా? ఉంది. కానీ ఈ ఉత్తరం గర్వంతో రాస్తున్నది కాదు.

తేలికవి ముందు చెప్పేస్తాను. హాస్టల్ నుంచి డేటాబేసులు తెరుచుకోవాలంటే లైబ్రేరియన్‌ని రిమోట్ యాక్సెస్ అడుగు. తీర్పులకు ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర ఉన్నాయి. సుప్రీంకోర్టు తీర్పుల అధికారిక పాఠం ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతుంది. చట్టాలకు ఇండియా కోడ్, కేంద్రం నోటిఫికేషన్లకు ఈ-గెజిట్. 2015 అక్టోబరు నుంచి కేంద్ర గెజిట్‌ని కాగితం మీద అచ్చు వేయడమే మానేశారు కాబట్టి దాని కోసం బీరువాల చుట్టూ తిరగకు. ఇవన్నీ నీకు తెలిసినవే అనుకుంటాను.

తెలియనిది ఒకటుంది. ఏజెన్సీలో ఏ ఊళ్లో అడిగినా "వన్ ఆఫ్ సెవెంటీ చట్టం" అంటారు. ఆ పేరు పెట్టి వెతికితే నీకు సగం కూడా రావు. అసలు చట్టం 1959 నాటి 1వ నంబరు రెగ్యులేషన్, షెడ్యూల్డ్ ప్రాంతాల (అంటే మన ఏజెన్సీయే) భూ బదలాయింపుది. 1970లో చేసిన సవరణ నంబరు (అదీ 1వ నంబరే) జనం నోట్లో నిలిచిపోయింది. పైగా రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వాళ్లు పాత చట్టాల పేర్లలో ఆంధ్రప్రదేశ్ తీసేసి తెలంగాణ అని పెట్టుకున్నారు. కాబట్టి రెండు పేర్లతోనూ వెతుకు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు అయితే ఇంకా ఘోరం. ఒకే లక్ష్మిని ఇంగ్లీషులో ఒక తీర్పులో కేఎస్‌హెచ్‌తో రాస్తారు, ఇంకో తీర్పులో ఎక్స్‌తో రాస్తారు. "నో రిజల్ట్స్" అని వస్తే కేసు లేదని కాదు, నీ స్పెల్లింగ్ ఆ టైపిస్టు స్పెల్లింగ్ కాదని.

ఇక నిద్ర పట్టనివ్వని సంగతి. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

2000 సంవత్సరం మొదట్లో సివిల్ ప్రొసీజర్ కోడ్ సవరణ చట్టం గెజిట్‌లో మా లైబ్రరీకి వచ్చింది. 1999 చట్టం. నేనే ముద్ర వేసి, రిజిస్టర్‌లో ఎక్కించి, మొత్తం చదివాను. ఊళ్లో వకీళ్లు చాలామంది ఇంకా కళ్లతో కూడా చూడలేదు. అదొక పొగరు నాకు. ఆ రోజుల్లోనే మా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. జూనియర్‌గా చేరి ఏడాది కాలేదు. క్లయింటుది పొలం గట్టు తగాదా, దావా విలువ 9 వేలు. జిల్లా కోర్టులో అప్పీలు కూడా ఓడిపోయారు. హైకోర్టులో సెకండ్ అప్పీలు వేయవచ్చా మేడమ్ అని అడిగాడు. గెజిట్ నా బల్ల మీదే ఉంది. 102వ సెక్షన్ కొత్త పాఠం తీసి, 25 వేల లోపు దావాలకు సెకండ్ అప్పీలు లేదని ఫోన్‌లోనే చదివి వినిపించాను. అతను థాంక్స్ చెప్పాడు. నేను కాఫీ తాగాను.

ఆ చట్టం మొదటి సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లో ఏముందో నేను చదవకపోలేదు. చదివి కూడా పట్టించుకోలేదు. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి అమల్లోకి వస్తుందని ఉంది. ఆ తేదీని ఎవరూ నోటిఫై చేయలేదు. దేశమంతా వకీళ్లు ఆ సవరణల మీద గొడవ చేశారు. మళ్లీ సవరించి, చివరికి 2002 జులై 1న అమల్లోకి తెచ్చారు. అప్పటికి 102వ సెక్షన్ డబ్బు వసూలు దావాలకే పరిమితమైపోయింది. అంటే నేను చదివి వినిపించిన ఆ వాక్యం పొలం గట్టుకి ఒక్క రోజు కూడా చట్టం కాలేదు.

సెకండ్ అప్పీలుకు గడువు 90 రోజులు. నాకు తప్పు తెలిసేసరికి ఏడు నెలలు అయింది. అది కూడా ఇంకో విద్యార్థి ఏదో అడిగితే తీసి చూసి, చెమటలు పట్టి, ఆ కుర్రాడి ఆఫీసుకి పరుగెత్తాను. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేశారు, కోర్టు మన్నించింది కూడా. కానీ ఈలోపల అవతలివాళ్లు డిక్రీ అమలు చేయించుకుని గట్టు జరిపేశారు. గట్టు మీద తాటిచెట్లు కొట్టేశారు. ఆ పెద్దాయన ఒకసారి వకీలుతో కలిసి లైబ్రరీకి వచ్చాడు. నన్నేదో ఆఫీసరు అనుకుని చేతులు జోడించి, "మీరే పుస్తకం చూసి చెప్పారట కదమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది. అప్పీలు చివరికి ఏమైందో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది.

అందుకే బుజ్జీ, స్క్రీన్ మీద చట్టం కనపడగానే కాపీ చేసుకోకు. ఎప్పటి నుంచి అమలు, మొత్తం అమలైందా, తర్వాత ఏమైంది అని చూడు. ఇదేదో పాతకాలపు గొడవ అనుకుంటావేమో. భారతీయ న్యాయ సంహిత 2023 డిసెంబరు 25న గెజిట్‌లో వచ్చింది, అమలు 2024 జులై 1 నుంచి. అందులో 106(2), అదే, నిర్లక్ష్యంగా నడిపి మనిషి ప్రాణం తీసి, చెప్పకుండా పారిపోయిన డ్రైవర్‌కి పదేళ్ల వరకు శిక్ష అన్న ఉపసెక్షన్‌ని పక్కన పెట్టి మిగతాది అమల్లోకి తెచ్చారు. చట్టం పాఠంలో మాత్రం అది దర్జాగా కూర్చుని ఉంటుంది. పక్కన పెట్టారన్న ముక్క 2024 ఫిబ్రవరి నోటిఫికేషన్‌లో ఉంది.

జీవోలు ఇంకా ప్రమాదం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే అని 2000 జనవరి 10న ఇచ్చిన జీవో ఎంఎస్ నంబరు 3 నీ పనిలో తప్పకుండా తగులుతుంది. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఆ సంగతి జీవో కాగితం మీద ఉండదు కదా! జీవో నంబరునే తీర్పుల డేటాబేసులో పెట్టి వెతికితే బయటపడుతుంది. నంబరుతో పాటు తేదీ, శాఖ పేరు కూడా పెట్టు. ప్రతి శాఖకీ ఏటా ఒక 3వ నంబరు జీవో ఉంటుంది.

షెడ్యూల్డ్ ప్రాంతాల భూముల్ని గనుల కోసం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదన్న 1997 సమత తీర్పు దగ్గర నిదానించు. దాన్ని ఎవరూ కొట్టేయలేదు. కానీ 2001లో బాల్కో (ప్రభుత్వ అల్యూమినియం కంపెనీలో వాటాల అమ్మకం) కేసులో సుప్రీంకోర్టే ఆ మెజారిటీ అభిప్రాయం సరైనదేనా అని గట్టిగా అనుమానించింది. డేటాబేసులో తర్వాత ఏ తీర్పులు దీన్ని ప్రస్తావించాయో చూపించే లింకు ఉంటుంది. పిల్లలు దాన్ని నొక్కరు. నువ్వు నొక్కు, అందులో కనీసం నాలుగైదు తీర్పులు తెరిచి చదువు. హెడ్‌నోట్ చదివి సరిపెట్టుకుంటే మాత్రం ఊరుకోను. అది ఎడిటర్ రాసిన సారాంశం, జడ్జీ మాట కాదు.

నీకు చదువు చెప్పేవాళ్లున్నారు, ఈ ముసలిదాని నస ఎందుకు అనుకోకు. డిసర్టేషన్‌లో తప్పు రాస్తే నీకు మార్కులు పోతాయి, అంతే. క్లినిక్ బెంచీ మీద కూర్చునేవాళ్లకి పోయేది వేరు.

మీ నాన్న ఆదివారం వస్తున్నాడట, నా పాత నోటుబుక్కు ఒకటి పంపుతున్నాను. ఏ చట్టం ఎప్పుడు అమల్లోకి వచ్చిందో 2000 తర్వాత నుంచి చేత్తో రాసుకున్నాను. ఇప్పుడు అవన్నీ కంప్యూటర్‌లో దొరుకుతాయి, అయినా ఉంచుకో. క్లినిక్‌లో మొదటి కేసుకి నువ్వు తీసిన కాగితాలు ఇచ్చే ముందు ఒకసారి నాకు పంపు. రాత్రిళ్లు మేలుకుని కళ్లు పాడుచేసుకోకు. నేను తెల్లారి నాలుగింటికే లేస్తాను, అప్పుడు చేసినా ఫోన్ ఎత్తుతాను.

మీ పెద్దమ్మ