పాత లైను, కొత్త సోలార్: మీ ప్రశ్నలకు జవాబులు

ఇంటి మీద సోలార్ పెట్టించినవాళ్లూ, పెట్టించాలనుకుంటున్నవాళ్లూ, రైతులూ పంపిన ప్రశ్నల్లో ఐదింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఎక్కువమందిని సతాయిస్తున్నది మొదటి ప్రశ్నలోని ఇబ్బందే. అందుకే దానికి చోటు ఎక్కువిచ్చాం.

ప్రశ్న: మాది ఊరి చివరి ఇల్లు. సింగిల్ ఫేజ్ మీద 5 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. పొద్దున బాగానే నడుస్తుంది. పదకొండు దాటాక ఇన్వర్టర్ మీద ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ అని పడి ఆగిపోతుంది. కాసేపటికి మొదలై మళ్లీ ఆగుతుంది. బిగించినవాళ్లు సెట్టింగ్ మారిస్తే చాలంటున్నారు. మార్పించుకోవచ్చా?
– గుంటూరు జిల్లా పాఠకుడు

జవాబు: దయచేసి మార్పించకండి. ముందు జబ్బు ఎక్కడుందో చూద్దాం.

ఊళ్లోని డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను 433కి దించుతుంది. అంటే ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 250. ఇంటికి కావాల్సింది 230 కదా, 250 ఎందుకు? తీగ వెంట పోతుంటే వోల్టేజ్ తగ్గుతుంది కాబట్టి, చివరి ఇంటికి కూడా సరిపడా అందాలని మొదట్లోనే కాస్త ఎక్కువ పెట్టారు. కరెంటు ఎప్పుడూ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటికే వెళ్లే రోజుల్లో అది మంచి లెక్కే. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం మీ ఇంటి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ వైపు వెళ్లాల్సి వస్తోంది. అలా వెళ్లాలంటే మీ కొసన వోల్టేజ్ ఎక్కువుండాలి, ఇన్వర్టర్ దాన్ని పైకి నెడుతుంది. 253 దాటితే, అంటే 230 మీద పది శాతం పెరిగితే, రెండు సెకన్లలోపు విడిపోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన. విడిపోయాక సరఫరా కనీసం 60 సెకన్లు కుదురుగా ఉంటేనే మళ్లీ కలవాలి. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే. ఇన్వర్టర్ తన పని తాను సరిగ్గా చేస్తోంది.

వోల్టేజ్ ఎంత పెరుగుతుందో లెక్కేద్దాం. 5 కిలోవాట్లంటే 230 దగ్గర సుమారు 21.7 ఆంపియర్లు. లైను వీజిల్ కండక్టర్ (పల్లె లైన్లకు వాడే సన్న అల్యూమినియం తీగ) అయితే కిలోమీటరుకి 0.9 ఓము. ట్రాన్స్‌ఫార్మర్ 400 మీటర్ల దూరంలో ఉంటే ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి 0.72 ఓము. 21.7తో గుణిస్తే 15.6 వోల్టులు. ఇక స్తంభం నుంచి మీటరుకి వచ్చే సర్వీస్ వైరు 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియందైతే, 30 మీటర్లకే రానూపోనూ 0.44 ఓము, అంటే ఇంకో 9.6 వోల్టులు. మొత్తం 25. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 240 ఉన్నా మీ దగ్గర 265 అవుతుంది. 400 మీటర్ల లైను 15 వోల్టులు పెంచితే 30 మీటర్ల సన్న వైరు దాదాపు పది పెంచుతోంది. అదే సర్వీస్ వైరు 10 చదరపు మిల్లీమీటర్లదైతే పెరిగేది 4 వోల్టులే, 16 అయితే రెండున్నర. ప్యానెళ్ల మీద లక్షలు పెట్టేవాళ్లు ఈ వైరును తరచూ పట్టించుకోరు. మా దృష్టిలో ముందు చూడాల్సింది దాన్నే.

ఎండ బాగా ఉన్న రోజు పన్నెండు గంటలకు ఎలక్ట్రీషియన్ చేత ఇలా కొలిపించండి. ఇన్వర్టర్ ఆపి, మీటరు దగ్గర వోల్టేజ్ రాసుకోండి. తర్వాత ఇన్వర్టర్ నడుస్తుండగా మీటరు దగ్గర ఒకసారి, ఇన్వర్టర్ టెర్మినళ్ల దగ్గర ఒకసారి చూడండి. ఆంపియర్లు కూడా రాసుకోండి. ఆపినప్పుడు 236, నడిచేటప్పుడు మీటరు దగ్గర 244, ఇన్వర్టర్ దగ్గర ఆగిపోయే ముందు 254 వచ్చిందనుకోండి. మీటరు నుంచి ఇన్వర్టర్ దాకా మీ ఇంటి వైరే 10 వోల్టులు పెంచుతోంది. ఆ వైరు మందం పెంచితే పని తేలిపోతుంది. అలా కాక మీటరు దగ్గరే 253కి చేరువవుతుంటే, లోపం సర్వీస్ వైరులోనో, స్తంభం మీది అతుకులోనో, లైనులోనో ఉంది. ఇన్వర్టర్ ఆపినా 250 దగ్గర ఉంటే సబ్‌స్టేషన్ ట్యాప్ (వోల్టేజ్ పెంచే, తగ్గించే ఏర్పాటు) ఎక్కువగా పెట్టి ఉండొచ్చు. పల్లెల్లో కనిపించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు సాధారణంగా ట్యాప్ ఉండదు కాబట్టి అక్కడ తగ్గించే వీలు లేదు. ఈ అంకెలన్నీ తేదీ, సమయంతో రాసి మీ ప్రాంత విద్యుత్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఇవ్వండి. ‘సోలార్ పనిచేయడం లేదు’ అని ఫిర్యాదు చేయడం కంటే ఈ కాగితానికే పని జరుగుతుంది.

స్తంభం మీద తీగకు తీగ చుట్టి వదిలేసిన అతుకు చాలాచోట్ల అసలు దొంగ. అల్యూమినియం మీద గాలికి పొర కడుతుంది, అతుకు వేడెక్కి ఇంకా వదులవుతుంది. రాత్రి లోడున్నప్పుడు అక్కడ నిప్పురవ్వ మిణుకుమన్నా, ఇన్సులేషన్ నల్లబడినా గుర్తుపట్టొచ్చు. రెండు తీగలనూ బోల్టులతో బిగించి పట్టే పీజీ క్లాంపు వేయించాలి. అది లైన్‌మన్ ఎల్‌సీ (లైను ఆపి పనిచేసేందుకు అనుమతి) తీసుకుని చేయాల్సిన పని, మీరుగానీ ప్రైవేటు మనిషిగానీ స్తంభం ఎక్కొద్దు.

ఇక సెట్టింగ్ సంగతి. పరిమితిని 270కి జరిపితే ఇన్వర్టర్ ఆగదు, నిజమే. కానీ ఆ 265 మీ ఫ్రిజ్ బోర్డుకీ, ఎల్‌ఈడీ బల్బులకీ, అదే ఫేజు మీదున్న పక్కింటివాళ్లకీ కూడా వెళ్తుంది. పక్కింటివాళ్ల టీవీ ఎందుకు కాలిందో వాళ్లకు ఎప్పటికీ తెలియదు. ఇన్వర్టర్‌లో ‘వోల్ట్-వాట్’ ఉంటే, డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) అనుమతితో దాన్ని పెట్టించుకోవచ్చు. వోల్టేజ్ పెరిగేకొద్దీ ఉత్పత్తి మెల్లగా తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. కొన్ని యూనిట్లు పోతాయి, రోజంతా పోవు.

ఇంకా కొననివాళ్లకు ఒక మాట. త్రీఫేజ్ సర్వీసు ఉంటే త్రీఫేజ్ ఇన్వర్టరే తీసుకోండి. అదే 5 కిలోవాట్లు ఫేజుకి 7.2 ఆంపియర్లుగా పంచుకుంటాయి, న్యూట్రల్‌లో దాదాపు ఏమీ ఉండదు. పై లెక్కలోని 15.6 వోల్టులు 2.6కి దిగుతాయి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 3 కిలోవాట్ల దగ్గర 78 వేలతో ఆగిపోతుంది. కాబట్టి లైను బలహీనంగా ఉన్నచోట సింగిల్ ఫేజ్ మీద 5కి వెళ్లడం కంటే 3తో సరిపెట్టుకోవడం మేలు.

ప్రశ్న: మా 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇప్పటికే నాలుగిళ్లకు సోలార్ ఉంది. మాకూ పెట్టుకోవచ్చా?
– వరంగల్ పాఠకురాలు

జవాబు: 63 మొత్తం చూసి నిర్ణయించకండి. కేవీఏ అంటే ఇక్కడ దాదాపు కిలోవాట్ అనుకోండి, ఫేజుకి వచ్చేది 21 మాత్రమే. ఆ నాలుగిళ్లూ 5 కిలోవాట్లవై, అన్నీ ఒకే ఫేజు మీద పడి ఉంటే ఆ ఫేజు మధ్యాహ్నం నిండినట్టే. మిగతా రెండూ ఖాళీగా ఉన్నా లాభం లేదు. పైగా ఆ తేడా అంతా న్యూట్రల్ మీద పడుతుంది. పాత లైన్లలో న్యూట్రల్ అతుకులు బలహీనంగా ఉంటే ప్రమాదం. అది తెగితే ఒక ఇంటికి 300 దాటి, ఇంకో ఇంటికి 150 వస్తుంది. ఏ ఇల్లు ఏ ఫేజు మీదుందో లైన్‌మన్‌తో రాయించుకుని, మీ సర్వీసును తేలికగా ఉన్న ఫేజు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టండి. లైట్లు కొన్నిళ్లలో మితిమీరి వెలుగుతూ కొన్నిళ్లలో డిమ్ముగా ఉంటే వెంటనే మెయిన్ కట్టేసి 1912కి ఫోన్ చేయండి.

ప్రశ్న: కరెంటు పోతే ఎండ కాస్తున్నా సోలార్ ఎందుకు ఆగిపోతుంది?
– కాకినాడ పాఠకుడు

జవాబు: స్తంభం మీద లైను ఆపి పనిచేస్తున్న మనిషి ప్రాణం కోసం. మీ ఇన్వర్టర్ ఆగకపోతే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి ఎక్కి, అటువైపు 11 వేల వోల్టులవుతుంది. బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితే ముందు లైను నుంచి విడిపోయి ఇంటికి మాత్రమే ఇస్తుంది. జనరేటర్‌ను ఛేంజోవర్ స్విచ్ (లైనూ జనరేటరూ ఒకేసారి కలవకుండా చూసే స్విచ్) లేకుండా ప్లగ్గు ద్వారా ఎక్కించడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

ప్రశ్న: మా పొలానికి దగ్గర్లోనే పెద్ద సోలార్ ప్లాంటుంది. వ్యవసాయ కరెంటూ పగలే ఇస్తున్నారు. అయినా లో వోల్టేజే. ఎందుకని?
– అనంతపురం జిల్లా రైతు

జవాబు: ఆ ప్లాంటు కరెంటు పెద్ద లైన్ల మీద పెద్ద సబ్‌స్టేషన్‌కి పోతుంది. మీ మోటారుకు వచ్చేది పాత 11 కేవీ ఫీడరు చివరి నుంచి. పగలే సరఫరా ఇవ్వడం గ్రిడ్‌కి గొప్ప సాయం, సోలార్ ఎక్కువున్నప్పుడే నీళ్లు తోడేసుకుంటున్నాం. కాకపోతే మోటార్లన్నీ ఒక్కసారే నడిచేసరికి ఫీడరు కుంగుతుంది.

మీ చేతిలో ఉన్న మందు కెపాసిటర్. 5 హెచ్‌పీ మోటారుకి 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) ది. స్టార్టరు నుంచి మోటారుకి వెళ్లే వైపు కలపాలి, మోటారుతో పాటే అదీ ఆగాలి. పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.8 ఉన్న మోటారు సుమారు 7.6 ఆంపియర్లు లాగుతుంటే, ఇది పెట్టాక 6.4కి దిగుతుంది. నష్టం ఆంపియర్ల వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆ మోటారు వల్ల లైన్లో పోయేది 30 శాతం తగ్గుతుంది. ఒక్కరు పెడితే తేడా కనపడదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పదిమందీ పెట్టాలి. ఆటో స్టార్టర్లు తీసేయండి. కరెంటు రాగానే అన్నీ కలిసి లేస్తే, ఆ క్షణం ఒక్కో మోటారు ఐదారు రెట్లు లాగుతుంది, ఫ్యూజు పోతుంది. ఫ్యూజు బదులు ఎవరో మందపాటి తీగ కడతారు, ఆ తర్వాత కాలేది ట్రాన్స్‌ఫార్మరే.

ప్రశ్న: మధ్యాహ్నం సోలార్ ప్లాంట్లను తగ్గించమంటారట, సాయంత్రం కరెంటు కొంటారట. ఇదేం లెక్క?
– హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: గ్రిడ్‌లో ఏ క్షణానికి ఉత్పత్తి ఆ క్షణం వాడకంతో సరిపోవాలి. ఆ తూకం ఫ్రీక్వెన్సీలో కనిపిస్తుంది. 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలి. మధ్యాహ్నం థర్మల్ కేంద్రాన్ని పూర్తిగా ఆపేస్తే సాయంత్రానికి లేవదు, మళ్లీ వేడెక్కడానికి గంటలు పడుతుంది. అందుకని 55 శాతానికి దించి ఉంచుతారు. 500 మెగావాట్ల యూనిట్ అప్పుడు కూడా 275 ఇస్తూనే ఉంటుంది. ఆ మేరకు సోలార్‌కి చోటు తగ్గుతుంది. ఏడు గంటలకు సోలార్ సున్నా, ఇళ్లలో ఏసీలు మొదలు.

మిగిలినదాన్ని దాచడానికి మన దగ్గర ఉన్న పాత, నమ్మకమైన దారి నీళ్లే. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యూనిట్లు తిరగేసి కూడా నడుస్తాయి, కిందికి వదిలిన నీటిని పైకి తోడగలవు. ఇలాంటి కేంద్రాల్లో వంద యూనిట్ల కరెంటు పెట్టి తోడితే 75 నుంచి 80 తిరిగొస్తాయి. ఆ నష్టం భరించవచ్చు, ఎండను వృథా చేయడం కంటే అది నయం. కింద జలాశయంలో తోడుకోవడానికి సరిపడా నీళ్లుండాలన్నదే షరతు.

ఇది ఒక్క రాష్ట్రం లెక్క కూడా కాదిప్పుడు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది చీకటైనప్పుడు దక్షిణాది గ్రిడ్ వేరుగా ఉండి బయటపడింది. ఒకవైపు ఫ్రీక్వెన్సీ కుదుపును మరోవైపు మోయని డీసీ లింకులతోనే ప్రధానంగా కలిసి ఉండేది: గాజువాక, రామగుండం వైపు ఉన్నవి, తాల్చేరు–కోలారు లైను. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీదికి వచ్చింది. అందువల్ల రాజస్థాన్‌లో ఒక పెద్ద సోలార్ పార్కు ఉన్నట్టుండి తప్పుకుంటే, ఆ కుదుపు మన ఇంటి ప్లగ్గు దాకా వస్తుంది. ఫ్రీక్వెన్సీ చూపించే మీటరు ఉంటే సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా గమనించండి, దశాంశం తర్వాతి అంకెలు ఎలా ఊగుతాయో కళ్లకు కడుతుంది.