ఉత్తరాల పెట్టె మీద మీ పేరుందా?
జర్మనీలో ఎక్స్ఛేంజ్ సెమిస్టర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఎక్స్ఛేంజ్ మీద ఒకటి రెండు సెమిస్టర్లు చదవడానికి జర్మనీ వెళ్తున్నవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ పంపిన ప్రశ్నల్లో ఏడింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. చాలా చిక్కులు తిరిగి తిరిగి చిరునామా దగ్గరికే వస్తున్నాయి కాబట్టి మొదటి జవాబు కాస్త పెద్దదైంది.

ప్రశ్న: అక్టోబరులో నా సెమిస్టర్ మొదలు. ఆన్‌లైన్లో ఒక గది దొరికింది. యజమాని వేరే దేశంలో ఉన్నాడట, రెండు నెలల అడ్వాన్సు పంపితే తాళంచెవి కొరియర్లో పంపుతానంటున్నాడు. ప్రకటన చివర ‘ఆన్‌మెల్డుంగ్ కుదరదు’ అని రాసి ఉంది. అంటే ఏమిటి? అది లేకపోతే ఇబ్బందా?
– బి.టెక్. మూడో ఏడాది విద్యార్థి

జవాబు: ముందు ఆ డబ్బు పంపడం ఆపండి. గది చూడకముందే అడ్వాన్సు, యజమాని పరదేశంలో, తాళంచెవి కొరియర్లో: ఈ మూడూ ఒకేచోట కనిపించాయంటే మోసమనే అనుకోండి. అలా వెళ్లిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. ఇక్కడి నుంచి గది చూడలేరు కాబట్టి మీ విశ్వవిద్యాలయం ఇంటర్నేషనల్ ఆఫీసుకూ, ఆ ఊరి ష్టుడీరెండెన్‌వెర్క్‌కూ ఈరోజే రాయండి. విద్యార్థి హాస్టళ్లు ఎక్కువగా నడిపేది ఈ రెండో సంస్థే. అడ్మిషన్ లెటర్ చేతికొచ్చాక చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోవచ్చు.

ఇక ఆన్‌మెల్డుంగ్. ‘నేను ఈ ఇంట్లో ఉంటున్నాను’ అని ఊరి పౌర కార్యాలయంలో నమోదు చేయించుకోవడమే అది. ఆ కార్యాలయాన్ని చాలాచోట్ల బ్యుర్గర్‌ఆమ్ట్ అంటారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయించుకోవాలని చట్టం. మూడు కాగితాలు కావాలి: వీసా ఉన్న పాస్‌పోర్టు, నింపిన ఫారం, ఇంటి యజమాని సంతకం చేసిన నివాస ధృవీకరణ. ఈ మూడోదాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. పలకడానికి కష్టమే గానీ ఆ పేరుతోనే అడగండి. అందులో యజమాని పేరు, ఇంటి చిరునామా, మీరు దిగిన తేదీ, దిగినవాళ్ల పేర్లు ఉండాలి. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోతుందనుకుని వెళ్లి చాలామంది ఉత్త చేతులతో తిరిగొస్తారు. 2015 నవంబరు 1 నుంచి ఈ కాగితం ఇవ్వడం యజమాని బాధ్యత. కుదరదని ముందే చెబుతున్నాడంటే ఆ గదిని అసలు యజమానికి తెలియకుండా తిరిగి అద్దెకిస్తూ ఉండవచ్చు.

ఇది లేకుండా నెట్టుకురావచ్చు కదా అనిపిస్తుంది. రాలేరు. చాలా బ్యాంకులు ఖాతా తెరవడానికి నమోదు పత్రం అడుగుతాయి. రెసిడెన్స్ పర్మిట్ దరఖాస్తుకు అదే ఆధారం. పార్ట్‌టైమ్ పని చేయాలంటే కావలసిన 11 అంకెల పన్ను నంబరు నమోదైన కొన్ని వారాలకు పోస్టులో వస్తుంది, అదీ ఆ చిరునామాకే.

పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ రెండు వారాల్లో దొరక్కపోవచ్చు. గది ఖాయమైన రోజే ఆన్‌లైన్లో బుక్ చేసి, ఆ నిర్ధారణ మెయిల్ దాచుకోండి. ఆలస్యం మీ వల్ల కాదని చూపడానికి అదే సాక్ష్యం. రద్దయిన అపాయింట్‌మెంట్లు మళ్లీ ఖాళీగా కనిపిస్తుంటాయి కాబట్టి రోజూ పొద్దున్నే ఓసారి చూడండి. ఫారంలో మతం గడి ఉంటుంది. క్యాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే, తర్వాత ఆదాయపు పన్ను కట్టాల్సి వచ్చినప్పుడు అందులో 8 లేదా 9 శాతం చర్చి పన్నుగా అదనంగా పోతుంది. తెలిసి రాయండి.

నమోదైన రోజు ఇంటికి రాగానే కింది అంతస్తులో వరసగా ఉండే ఉత్తరాల పెట్టెల దగ్గరికి వెళ్లండి. మీ పెట్టె మీద ఇంకా పాత విద్యార్థి పేరే ఉంటుంది. అక్కడి ఇళ్లలో గదికి నంబరు ఉండకపోవడమే మామూలు. పోస్ట్‌మాన్ చూసేది పెట్టె మీది ఇంటిపేరునే, అది లేకపోతే ‘ఇలాంటివారు లేరు’ అని కవరు వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు ఒక కవర్లో, దాని పిన్ ఇంకో కవర్లో, ఇన్సూరెన్స్ కార్డు మరో కవర్లో వస్తాయి. అన్నీ ఇలాగే పోగొట్టుకుని కారణం తెలియక నెలంతా ఎదురుచూసినవాళ్లున్నారు. చిన్న కాగితం మీద పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఉన్న పేరును అవే అక్షరాలతో రాసి, పైన టేపు అంటించండి. గడపలోని బెల్లు దగ్గర కూడా అంతే. పంచుకునే ఫ్లాట్ అయి, పెట్టె మీద మీ పేరుకు చోటు లేకపోతే, చిరునామా ఇచ్చిన ప్రతిచోటా మీ పేరు కింద ‘సి/ఓ’ అని పెట్టి పెట్టె మీదున్న పేరు చేర్చండి.

ప్రశ్న: మా అమ్మాయి పేరు మీద బ్లాక్డ్ అకౌంట్లో డబ్బు కట్టేశాం. ఇంక చేతికి ఎక్కువ ఇవ్వనక్కర్లేదు కదండీ?
– ఒక తల్లి

జవాబు: ఇవ్వాలమ్మా. వీసా కోసం ముందే కట్టి ఉంచే ఆ ఖాతాలోది మీ డబ్బే అయినా, దిగిన రోజున అది అందదు. వీసా లెక్క నెలకు 992 యూరోలు, ఏడాదికి 11,904. ఆరు నెలలకైతే 5,952. అందులోంచి నెలకొక వాయిదా చొప్పునే విడుదలవుతుంది, అదీ మీ అమ్మాయి యూరప్‌లో మామూలు ఖాతా తెరిచి దాని వివరాలిచ్చాక. ఆ ఖాతాకు నమోదు పత్రం కావాలి, దానికి ఇల్లు కావాలి. ఈ వరస తెమలడానికి మూడు నాలుగు వారాలు పట్టడం మామూలే.

ఆ మధ్యలోనే పెద్ద ఖర్చులన్నీ వస్తాయి. ఉదాహరణకు ఒట్టి గది అద్దె 350, నీళ్లూ హీటింగూ కలిపి 430 యూరోలనుకుందాం. మొదటిదాన్ని కాల్ట్‌మీటె, రెండోదాన్ని వార్మ్‌మీటె అంటారు. ప్రకటనలో ఏది రాశారో చూసుకోండి, కరెంటు, ఇంటర్నెట్ కలిశాయో లేదో కూడా అడగండి. డిపాజిట్ కాల్ట్‌మీటెకు మూడు రెట్లు దాటకూడదు, అంటే ఇక్కడ 1,050. దాన్ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకున్నవాళ్లకు చట్టమే ఇచ్చింది, మొదటిది అద్దె మొదలైనప్పుడు. అలా అడిగితే మొదటి నెల డిపాజిట్ వాయిదా 350, అద్దె 430 కలిపి 780తో పోతుంది. ఎక్స్ఛేంజ్ కింద ట్యూషన్ ఫీజు మాఫీ అయినా సెమిస్టర్ రుసుము చాలాచోట్ల కట్టాలి. ఇన్సూరెన్స్, తిండి, దుప్పటి, గిన్నెలు వేరే. రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు బ్లాక్డ్ అకౌంట్ బయట ఉంచండి.

కార్డుల సంగతి కూడా. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులిచ్చి, విదేశీ వాడకాన్ని బయల్దేరకముందే యాప్‌లో ఆన్ చేయించండి. రెండింటినీ ఒకే పర్సులో పెట్టనివ్వకండి. ఓటీపీ ఇక్కడి నంబరుకే వస్తుంది. విమానం దిగగానే పాత సిమ్ తీసేసి పక్కన పడేస్తే చెల్లింపు మధ్యలో ఆగిపోతుంది. ఆ సిమ్‌కు రోమింగ్‌లో మెసేజీలు వచ్చేలా చూసి, దాన్ని ఫోన్లోనే ఉంచమనండి.

ప్రశ్న: ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాను. అది చాలని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: వీసాకు, ప్రయాణానికి పనికొస్తుంది. విశ్వవిద్యాలయంలో పేరు నమోదుకు మాత్రం చాలదు. 30 ఏళ్లలోపు విద్యార్థులు అక్కడి ప్రభుత్వ పద్ధతి ఇన్సూరెన్స్ సంస్థల్లో ఒకదాంట్లో చేరాలి, లేదా మినహాయింపు తెచ్చుకోవాలి. ప్రభుత్వ పద్ధతిలో విద్యార్థి చందా 2025లో నెలకు సుమారు 140–150 యూరోలు. వయసు 23 దాటిందా లేదా, ఏ సంస్థ అనేదాన్ని బట్టి కొంచెం మారుతుంది.

తక్కువ ధరకు వస్తోందని ప్రైవేటు పాలసీ తీసుకుని మినహాయింపు రాయించుకుంటే, ఆ చదువు అయ్యేదాకా ప్రభుత్వ పద్ధతిలోకి తిరిగి రానివ్వరు. ఒక్క సెమిస్టర్‌కే వెళ్లేవాళ్లకు దీంతో పెద్ద తేడా లేకపోవచ్చు. అక్కడే డిగ్రీ కొనసాగించే ఆలోచన ఏమాత్రం ఉన్నా ఆ సంతకం పెట్టవద్దని మా గట్టి సలహా.

ఇన్సూరెన్స్ రుజువును మీరు కాగితంగా ఇవ్వలేరు. సంస్థే విశ్వవిద్యాలయానికి ఎలక్ట్రానిక్‌గా పంపాలి. ఆ సందేశం పేరు ఎం10. ‘ఎం10 పంపండి’ అని అడిగి, విశ్వవిద్యాలయం పూర్తి పేరు చెప్పండి. ప్రైవేటు పాలసీ ఉన్నా ఈ సందేశం రావాల్సింది ప్రభుత్వ పద్ధతి సంస్థ నుంచే.

ప్రాణాపాయమైతే 112. రాత్రిపూటో ఆదివారమో జ్వరం లాంటిదొచ్చి, పొద్దున దాకా ఆగలేకపోతే 116117. రెండూ ఇప్పుడే ఫోన్లో ఎక్కించుకోండి.

ప్రశ్న: నా వీసా సెమిస్టర్ మధ్యలోనే అయిపోతుంది. అపాయింట్‌మెంట్ దాని తర్వాతి నెలలో ఇచ్చారు. దేశం వదలాలా?

జవాబు: అక్కర్లేదు. వీసా గడువు ముగియకముందే విదేశీయుల కార్యాలయానికి దరఖాస్తు చేరి ఉంటే, నిర్ణయం వచ్చేదాకా మీ పాత హక్కులు కొనసాగుతాయి. లెక్కలోకి వచ్చేది దరఖాస్తు చేరిన తేదీ, అపాయింట్‌మెంట్ తేదీ కాదు. అందుకని పంపిన రుజువు ఉంచుకోండి. ఆ మధ్యకాలానికి ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే పత్రం అడిగి తీసుకోండి. సెలవుల్లో ఇంటికి వచ్చి వెళ్లాలనుకుంటే దానిలో ఏ గడికి గుర్తు పెట్టారో చూడాలి. అక్కడి నివాస చట్టం 81వ సెక్షన్ 4వ భాగం అయితే తిరిగి జర్మనీలోకి రావచ్చు. 3వ భాగం అయితే దాంతో రాలేరు.

ప్రశ్న: కోర్సుల్లో చేరాక పరీక్షల సంగతి విశ్వవిద్యాలయమే చూసుకుంటుందా?

జవాబు: చూసుకోదు. ఎక్స్ఛేంజ్ విద్యార్థులు ఎక్కువగా క్రెడిట్లు పోగొట్టుకునేది ఇక్కడే. చాలా విశ్వవిద్యాలయాల్లో కోర్సులో చేరడం ఒక నమోదు, దాని పరీక్షకు వేరే నమోదు. రెండోదాని గడువు సెమిస్టర్ మధ్యలోనే ముగిసిపోతుంది. గడువు దాటితే క్లాసులన్నింటికీ హాజరైనా పరీక్ష రాయనివ్వరు. మొదటి వారంలోనే ప్రతి కోర్సుకూ ఆ తేదీ అడిగి రాసుకోండి.

శీతాకాలపు సెమిస్టర్లో పాఠాలు అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సాగుతాయి, పరీక్షలు ఆ తర్వాత కూడా ఉంటాయి. ఇక్కడ మన క్లాసులు జనవరిలోనే మొదలవుతాయి కాబట్టి తిరుగు టికెట్టు తొందరపడి కొనకండి. తప్పనిసరిగా ముందే రావాలంటే ముందస్తు పరీక్ష పెట్టమని ప్రొఫెసర్‌ను నవంబరులోనే మెయిల్లో అడగాలి. జనవరిలో అడిగితే కుదరదు.

సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు పూర్తి భారం. ఒక క్రెడిట్‌కు అక్కడ సాధారణంగా 30 గంటల పని లెక్క, అంటే మొత్తం 900 గంటలు. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా, దాని ట్యుటోరియల్ జర్మన్‌లో ఉండొచ్చు, అడగండి. కోర్సు మార్చాల్సి వస్తే ఇక్కడి విభాగాధిపతి ఒప్పుకోలు మెయిల్లో అందాకే లెర్నింగ్ అగ్రిమెంట్ (అక్కడ ఏ కోర్సులు చదువుతారో రాసుకున్న ఒప్పంద పత్రం) మార్చండి. మార్కుల్లో 1.0 అన్నింటికన్నా మంచిది, 4.0 పాస్, 5.0 ఫెయిల్. ఇక్కడివాళ్లకు తలకిందులుగా కనిపిస్తుంది కనుక ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటు మార్కుల వివరణ పత్రం కూడా తెచ్చుకోండి. టైం టేబుల్లో ‘10 సి.టి.’ అని ఉంటే పాఠం 10:15కి, ‘ఎస్.టి.’ అని ఉంటే సరిగ్గా 10కి.

ప్రశ్న: గది మూలలో నల్లటి చుక్కలు వస్తున్నాయి. కిటికీ రోజంతా కొంచెం తెరిచే ఉంచుతున్నాను. అయినా యజమాని తప్పు నాదే అంటున్నాడు.

జవాబు: ఆ కొంచెం తెరవడమే కారణం అయ్యుండొచ్చు. కిటికీని పైనుంచి వాల్చి గంటల తరబడి వదిలేస్తే గాలి పెద్దగా మారదు గానీ, దాని చుట్టూ గోడ మాత్రం చల్లబడుతుంది. వంట, స్నానం, ఆరేసిన బట్టలు, మన ఊపిరి, వీటిలోని తేమంతా ఆ చల్లని చోటే నీరై దిగుతుంది. పొద్దున అద్దం కింది అంచున నీటి బొట్లు కనిపిస్తున్నాయా? గోడ మీద కంటికి కనిపించకుండా జరుగుతున్నదీ అదే. బూజు అక్కడే పుడుతుంది.

రోజుకు రెండు మూడుసార్లు కిటికీని పూర్తిగా తెరవండి, ఎదురుగా ఇంకో కిటికీ ఉంటే అదీ తెరవండి. చలికాలంలో ఐదు నుంచి పది నిమిషాలు చాలు. ఆ కాసేపు హీటర్ తగ్గించి, మూశాక మళ్లీ పెంచండి. బయటికి వెళ్లేటప్పుడు హీటర్ పూర్తిగా కట్టేస్తే గోడలు చల్లబడి మళ్లీ అదే కథ. బయటి గోడకు ఆనించిన బీరువాను పది సెంటీమీటర్లు ముందుకు జరపండి. చుక్కలను తేదీతో ఫొటో తీసి, యజమానికి మెయిల్ పెట్టండి. గోడలో నీటి గొట్టం కారుతూ కూడా బూజు రావచ్చు కనుక, మీ వాడకం వల్లేనని కాగితం మీద ఒప్పుకోకండి.

ప్రశ్న: తిరిగి వచ్చేటప్పుడు ఏం మూసి రావాలి?

జవాబు: గదితో మొదలుపెట్టండి. గడువు రాయని ఒప్పందమైతే మూడు నెలల ముందు నోటీసు. నెలలో మూడో పనిదినం లోపు అందితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది. సంతకం చేసిన కాగితమే కావాలి, మెయిల్ చెల్లదు. హాస్టల్ ఒప్పందాలకు చాలావరకు ముగింపు తేదీ ముందే ఉంటుంది.

రేడియో, టీవీ చందా నెలకు 18.36 యూరోలు. నమోదైన కొన్నాళ్లకు దీని ఉత్తరం వస్తుంది. టీవీ లేదని చెత్తబుట్టలో వేస్తే బాకీ పెరుగుతూ పోతుంది. ఇది మనిషికి కాదు, ఇంటికి ఒకటి. ఫ్లాట్‌లో ఒకరు కడుతుంటే వాళ్ల చందా నంబరు రాసి పంపితే చాలు. వచ్చే ముందు దాన్నీ రద్దు చేయించాలి. డాయిచ్‌లాండ్ టికెట్ (నెలవారీ బస్సు, రైలు పాస్) ఉంటే నెల పదో తేదీలోపు రద్దు చేస్తేనే ఆ నెలాఖరుకు ఆగుతుంది.

ఇల్లు అప్పగించేటప్పుడు మీటర్ల అంకెలు, గోడలు, తాళంచెవుల సంఖ్య రాసిన పత్రం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. దిగిన రోజు తీసిన ఫొటోలు అప్పుడు పనికొస్తాయి. పౌర కార్యాలయంలో నమోదు రద్దు వెళ్లడానికి వారం ముందు నుంచి, ఖాళీ చేశాక రెండు వారాల దాకా చేయించుకోవచ్చు. ఆ రసీదు చూపితేనే ఇన్సూరెన్స్, ఫోను ఒప్పందాలు సులువుగా ఆగుతాయి.

బ్యాంకు ఖాతా మాత్రం అప్పుడే మూయకండి. డిపాజిట్ తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది, ఏడాది హీటింగ్ లెక్క తేలేదాకా కొంత మొత్తాన్ని యజమాని ఆపుకోవచ్చు కూడా. ఆ ఖాతా నంబరునూ, ఇక్కడ మీకు ఉత్తరం అందే చిరునామానూ అప్పగింత పత్రం మీదే రాయించి, సంతకాలయ్యాక ఫొటో తీసుకుని రండి.