మోచెయ్యి సరిచేసే నర్సు కావాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు, లాంగ్ టర్మ్ కోచింగ్‌కి వెళ్లనంటోంది. ఈమధ్య ఎవరో ఆటగా చెయ్యి పట్టి లాగితే మా రెండేళ్ల మేనల్లుడికి మోచెయ్యి పట్టేసింది. ఏడుస్తున్న పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఎమర్జెన్సీలో గంటల తరబడి కూర్చున్నాం. డాక్టరుగారు వచ్చాక నిమిషంలో సరిచేసి పంపించారు. ‘ఇంగ్లండ్, కెనడాల్లో ఈ పని నర్సులే చేస్తారట, నేను అదే చదువుతాను’ అని అమ్మాయి పట్టుబట్టింది. నర్సు అంటే డాక్టరు చెప్పింది చేయడమే కదా? డబ్బు పోసి చదివించి తర్వాత బాధపడతామేమోనని భయంగా ఉంది. – ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి విన్నది నిజమేనండీ. అయితే అక్కడ నర్సు చేసే పని ఏమిటో, ఇక్కడ ఎంతవరకు చేయనిస్తారో రెండూ తెలుసుకున్నాకే నిర్ణయం తీసుకోండి.

చిన్నపిల్లల మోచేతి దగ్గర ముంజేతి ఎముక తలని చుట్టి పట్టుకునే పట్టీ ఇంకా వదులుగా ఉంటుంది. చెయ్యి పట్టి గుంజితే అది జారి కీలులో ఇరుక్కుంటుంది. ఒకటి నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. వాపు ఉండదు, చెయ్యి మాత్రం కదపనివ్వరు. సరిచేసేవాళ్లు ఒక చేత్తో మోచెయ్యి పట్టుకుని, బొటనవేలు ఆ ఎముక తల మీద ఆనిస్తారు. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని, అరచెయ్యి నేలవైపు తిరిగేలా పూర్తిగా మెలితిప్పుతారు. బొటనవేలి కింద ‘టక్’మంటుంది. చాలామంది పిల్లలు పది పదిహేను నిమిషాల్లో అదే చేత్తో బిస్కెట్ అందుకుంటారు. జరిగింది లాగడమేనని స్పష్టంగా తెలిస్తే ఎక్స్‌రే కూడా అక్కర్లేదు.

కెనడాలో ఈ పనిని ట్రయాజ్ నర్సులకు, అంటే ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను మొదట చూసి ఎవరికి ముందు వైద్యం కావాలో తేల్చే నర్సులకు, నేర్పించి డాక్టర్లతో పోల్చి చూశారు. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. నర్సులు సరిచేసినవి నూటికి దాదాపు 85, డాక్టర్లవి దాదాపు 97. ఆ తేడాను నేను దాచను. కానీ మిగిలిన ఆ పదిహేను మందికీ డాక్టరు పక్కనే ఉన్నారు. తక్కిన ఎనభై అయిదు మంది డాక్టరు కోసం ఎదురుచూడక్కర్లేకుండానే తేలికపడ్డారు. ఆ పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న తల్లిదండ్రులకు దాని విలువ ఏమిటో మీకు నేను చెప్పాలా?

ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీ నర్స్ ప్రాక్టీషనర్లు చిన్న దెబ్బల్ని సొంతంగా పరీక్షించి, ఎక్స్‌రే రాసి, వైద్యం చేసి ఇంటికి పంపుతారు.

‘డాక్టరు చెప్పింది చేయడమే కదా’ అన్నారు కాబట్టి ఒక్క సంగతి వివరంగా చెబుతాను. ఆ మెలితిప్పే పద్ధతి చురుకైన అమ్మాయికి త్వరగానే పట్టుబడుతుంది. ఏ చెయ్యి ముట్టుకోకూడదో తెలుసుకోవడానికే ఏళ్లు పడుతుంది. ‘ఎవరైనా లాగారా, ఎక్కడినుంచైనా పడ్డాడా?’ అన్నది మొదటి ప్రశ్న. మంచం మీదనుంచి పడి, మోచేతి పైన వాచిందంటే ఎముక విరిగి ఉండొచ్చు. అలాంటి చెయ్యి మెలితిప్పితే రక్తనాళం, నరం దెబ్బతినొచ్చు. అప్పుడు నర్సు మణికట్టు దగ్గర నాడి చూస్తుంది, గోళ్ల రంగు చూస్తుంది, కాస్త పెద్ద పిల్లలైతే ‘రాయి, కాగితం, కత్తెర’ ఆడిస్తుంది. పిడికిలి బిగిస్తే ఒక నరం, వేళ్లు చాపితే ఒకటి, కత్తెర చూపిస్తే మరొకటి పనిచేస్తున్నట్టు. చివర్లో బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టమంటుంది, అది ఇంకో నరానికి. ఆట ఆడిస్తూ చెయ్యి ప్రమాదంలో ఉందో లేదో తేల్చేస్తుంది. ఇది పక్కనుంచి ఎవరో చెప్పగా చేసే పని కాదండీ.

మన దగ్గర మాత్రం ఆస్పత్రి నర్సుకి సొంతంగా ఎక్స్‌రే రాసి, ఎముక సరిచేసి పంపించే అధికారం ప్రస్తుతానికి లేదు. డాక్టరు బాధ్యత కిందే చేయాలి. దీన్ని దాచి అమ్మాయిని చేర్పిస్తే మూడో ఏడాదిలో నిరుత్సాహపడుతుంది. అయినా దారులు ఉన్నాయి. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ తర్వాత ఎమర్జెన్సీ అండ్ డిజాస్టర్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. ఐసీయూ మీద ఆసక్తి ఉంటే, ఉద్యోగంలో కొంత అనుభవం వచ్చాక నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే రెండేళ్ల పీజీ కోర్సుంది. మన రాష్ట్రంలో గ్రామాల్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో మిడ్‌లెవల్ హెల్త్ ప్రొవైడర్లుగా ఉన్నది బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లే. పల్లెలో పిల్లాడు చెట్టు మీదనుంచి పడితే పెద్దవాళ్లు ఇప్పటికీ పుత్తూరు కట్టు అనో, ఊళ్లో నాటు కట్టు అనో పరుగెడతారు. వాచిన చేతికి బిగించి కట్టు కడితే రక్తప్రసారం ఆగి చెయ్యే దెబ్బతినొచ్చు. ఆ క్లినిక్‌లో కూర్చున్న అమ్మాయి వేళ్లు చూసి, చెయ్యి కదలకుండా మెత్తటి ఆసరా పెట్టి కట్టి, వెంటనే గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి జీజీహెచ్‌కి పంపగలిగితే ఒక చెయ్యి నిలబడుతుంది. నా దృష్టిలో అది చాలా పెద్ద ఉద్యోగం.

కాలేజీ ఎంపికలో అందరూ భవనం, బస్సు, హాస్టల్ చూస్తారు. మీరు మాత్రం ‘విద్యార్థుల క్లినికల్ పోస్టింగ్ ఏ ఆస్పత్రిలో, అక్కడ ఎమర్జెన్సీకి రోజూ కేసులు వస్తాయా’ అని అడగండి. రోగులే లేని ఆస్పత్రికి అనుబంధంగా ఉన్న కాలేజీలో చదివితే సర్టిఫికెట్ వస్తుంది, చెయ్యి తిరగదు. వీలైతే అదే కాలేజీలో నాలుగో ఏడాది చదువుతున్న అమ్మాయితో మాట్లాడించండి. అడ్మిషన్ నోటిఫికేషన్లు విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వస్తాయి. ఏజెంట్ల మాట నమ్మకుండా అక్కడే చూసుకోండి. కోర్సు అయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించుకోవాలి. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నార్సెట్ పరీక్ష ఉంది, మూల వేతనం రూ. 44,900తో మొదలవుతుంది.

ఇంగ్లండ్ వెళ్లాలనుంటే మొదట ఇక్కడ రెండు మూడేళ్లు ఎమర్జెన్సీలో పనిచేయనివ్వండి. తర్వాత ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష, ఆ పైన అక్కడి నర్సింగ్ కౌన్సిల్ పెట్టే కంప్యూటర్ పరీక్ష, ప్రాక్టికల్ పరీక్ష ఉంటాయి. దిగగానే నర్స్ ప్రాక్టీషనర్ అయిపోరు. వార్డులో మొదలుపెట్టి, అదనంగా చదివి, ఆస్పత్రి వాళ్లు పరీక్షించి ఒప్పుకున్నాకే ఆ హోదా. అక్కడి ప్రభుత్వ నియమావళి ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు ఏజెన్సీ నర్సు దగ్గర ఫీజు తీసుకోకూడదు. కాబట్టి లండన్ ఉద్యోగం ఖాయం, లక్షలు కట్టండి అని ఎవరైనా వస్తే కట్టకండి.