రాయల్ మెయిల్ పంపిణీ వ్యవస్థను టోకుగా, మన అవసరానికి తగ్గట్టు అడగడం ఎలా?

హైదరాబాద్ నుంచి బ్రిటన్ క్లయింట్‌కి ఉత్తరాల డేటా చూస్తున్నామని, మామూలు యాక్సెస్ ఒప్పందం (వేరే కంపెనీ సేకరించిన ఉత్తరాలను బట్వాడా కోసం బ్రిటన్ తపాలా సంస్థ రాయల్ మెయిల్‌కి అప్పగించే ఏర్పాటు) చాలడం లేదని, వేరే రకం సేవ ఎలా కోరాలని ఒకరు అడిగారు. కోరిన ప్రతిదానికీ రాయల్ మెయిల్ ఒప్పుకోవాలని లేదు. బ్రిటన్ తపాలా నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ పెట్టిన యాక్సెస్ షరతు ప్రధానంగా డీ ప్లస్ 2, ఆ తర్వాత బట్వాడా అయ్యే ఉత్తరాలకే. అంటే సేకరించిన రోజు కాక రెండో పనిదినం నుంచి.

రాతపూర్వకంగానే అడగండి. “చాలా ఉత్తరాలు ఉంటాయి” అని రాస్తే ఎవరూ ధర కట్టలేరు, మీ అభ్యర్థన వివరాల కోసం తిరిగొస్తుంది. “సోమ, గురువారాల్లో 40,000 చొప్పున, 240 × 165 మి.మీ., మందం 5 మి.మీ., బరువు 100 గ్రాములు మించవు, ఫలానా మెయిల్ సెంటర్‌లో (ఉత్తరాలను వేరుచేసే కేంద్రం), ఫలానా గంటకు అప్పగింత” అని రాయండి. ఇప్పటి సేవ ఎక్కడ సరిపోవట్లేదో కూడా చెప్పాలి, అదే అసలు కీలకం. ధర చేతికొచ్చేదాకా క్లయింట్‌కి రేటు మాత్రం చెప్పకండి.