నైవాషా వెళ్తున్నారా? పడవ బేరం ముందే తేల్చుకోండి

మా అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వస్తున్నారు, కెన్యాలోని నైవాషా సరస్సుకి తీసుకెళ్తే ఆరుబయట ఏమేం చూపించొచ్చు అని ఒక తమ్ముడు అడిగాడు. నైరోబీకి కొత్తగా వచ్చిన మనవాళ్లందరూ అడిగేదే. చూపించడానికి బోలెడుంది తమ్ముడూ. కాకపోతే అక్కడ జేబు ఎలా ఖాళీ అవుతుందో మాలాంటి పాతకాపులకే తెలుసు.

నేను వచ్చిన కొత్తలో మా అత్తమామల్ని తీసుకెళ్లాను. కారు ఆగీ ఆగకముందే పడవల కుర్రాళ్లు చుట్టుముట్టారు. ఒకడు చెప్పిన రేటు విని చవకే అనుకుని ఎక్కేశాం. హిప్పోల గుంపు దగ్గర కాసేపు ఆపాడు. తర్వాత ఈల వేసి నీళ్లలోకి చేప విసిరాడు. ఒడ్డున చెట్టు మీదున్న ఫిష్ ఈగిల్ సర్రున దిగి, దాన్ని కాళ్లతో తన్నుకుపోయింది. మామయ్యగారు చప్పట్లే చప్పట్లు. ఒడ్డుకొచ్చాక తెలిసింది, ఆ రేటు మనిషికట! గంట దాటినందుకు అదనం, చేపకి వేరే. ఆయన ముందు గొడవపడటం నామోషీ అనిపించి ఎంపెసాలో, అంటే ఇక్కడి ఫోన్ డబ్బుల ఖాతాలో, ఉన్నదంతా పంపేశాను. తిరుగు దారిలో పెట్రోలుకి ఆయన్నే అడగాల్సి వచ్చింది. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ తీస్తుంటుంది.

అందుకని రేటు పడవకా మనిషికా, ఎంతసేపు, చేప కలిపేనా, అన్నీ ఒడ్డునే తేల్చుకోండి. ఇప్పుడు నాతో బేరమాడాలంటే ఆ కుర్రాళ్లే జంకుతారు. ఒక్కటి మాత్రం, లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఉచితమన్నా ఎక్కొద్దు.

సరస్సులోని క్రెసెంట్ ఐలాండ్ పెద్దవాళ్లకి బాగుంటుంది. జిరాఫీలు, జీబ్రాల మధ్య నడిచి తిరగొచ్చు, సింహాల భయం లేదు. అది ప్రైవేటు స్థలం కాబట్టి ప్రవేశ రుసుము వేరు, పడవ ఖర్చు వేరు. పడవవాడు ఒక్కటే చెప్తాడు, రెండోది అక్కడ దిగాక బయటపడుతుంది.

సరస్సు దగ్గర్లోనే ఉన్న హెల్స్ గేట్ నేషనల్ పార్క్‌లో అద్దె సైకిల్ మీద జంతువుల పక్కనుంచే వెళ్లొచ్చు. ఆ సదుపాయం కెన్యాలో చాలా పార్కుల్లో లేదు. సైకిల్ బ్రేకులు పట్టి చూశాకే డబ్బులివ్వండి. టికెట్లు పౌరులకి, రెసిడెంట్లకి, విదేశీయులకి వేర్వేరు. తాజా రేట్లు కేడబ్ల్యూఎస్ (కెన్యా వైల్డ్‌లైఫ్ సర్వీస్) సైట్‌లో ఉంటాయి. ఒకసారి రెసిడెంట్ కార్డు ఇంట్లో మర్చిపోయి గేటు దగ్గర డాలర్ల రేటు కట్టాను, ఆ రోజంతా జీబ్రాలు కంటికి ఆనలేదు. కార్డు మీ దగ్గరున్నా అమ్మానాన్నలకి ఆ రేటు వర్తించదు, విజిటర్లు విజిటర్లే. ఆ లెక్క ముందే వేసుకోండి.

హెల్స్ గేట్‌లోని ఓల్ న్జొరోవా లోయలో 2012లో, 2019లో ఆకస్మిక వరదకి మనుషులు పోయారు. పైన ఎక్కడో పడ్డ వాన ఇరుకు గోడల మధ్యకి ఒక్కసారిగా వచ్చేస్తుంది. లోయ తెరిచి ఉందో లేదో గేటు దగ్గర అడగండి, గైడు లేకుండా దిగొద్దు. మబ్బు పడితే వెనక్కి వచ్చెయ్యండి, టికెట్ డబ్బుల గురించి నేను కూడా ఆలోచించను. పులిహోర డబ్బా మాత్రం సంచీలోంచి తీయొద్దు, కోతులు లాక్కుపోతాయి. దగ్గర్లోని 2,776 మీటర్ల లొంగోనాట్ కొండ పెద్దవాళ్లు లేకుండా వచ్చినప్పుడు ఎక్కండి.

రైలు చవకని అటు చూడకండి. నైవాషా పేరున్న కొత్త స్టేషన్ ఊరికి చాలా దూరం, మిగిలింది టాక్సీకే పోతుంది. నలుగురుంటే కారే నయం. సరస్సు సుమారు 1,880 మీటర్ల ఎత్తున, అరకుకి రెట్టింపు ఎత్తులో ఉంది. స్వెట్టర్లు ఇంటినుంచే తెచ్చుకోండి, అక్కడ కొంటే దండగ.

రాత్రి ఉండేట్టయితే ఇంకో మాట. చీకటి పడ్డాక హిప్పోలు గడ్డికోసం లాడ్జిల లాన్లలోకి వస్తాయి. నాన్నగారికి తెల్లవారుజామున వాకింగ్ అలవాటుంటే బాగా వెలుతురు వచ్చేదాకా, కాపలావాడు సరేననేదాకా బయటికి పంపకండి. గదిలో కెటిల్ ఉందో లేదో బుకింగ్‌లోనే కనుక్కోండి. టీపొడి మనదే తీసుకెళ్తే పొద్దున్నే రెస్టారెంట్ బిల్లు కూడా తప్పుతుంది.