కార్నిస్ సంగతి తరువాత, ముందు కన్ను చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 47. తిరుపతి కొర్లగుంటలో ఉంటాము. ఆరేళ్లుగా షుగరుకు మాత్రలు వాడుతున్నాను. కూలి ఎక్కువ అడుగుతున్నారని హాల్లో సీలింగ్ చుట్టూ పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కార్నిస్, అంటే గోడా సీలింగూ కలిసే చోట పెట్టే అలంకరణ పట్టీ, నేనే కోసి అతికిస్తున్నాను. మూలల దగ్గర ముక్కలు సరిగ్గా కలవడం లేదు. అతికించాక మళ్లీ రంపంతో సరిచేయవలసి వస్తోంది. తెల్లటి పొడి బాగా పీల్చాను. ఊపిరితిత్తులు పాడవుతాయా? ఎక్స్‌రే తీయించుకోవాలా? నాలుగు రోజుల క్రితం కుడి కంట్లో కొంచెం పొడి పడి ఎర్రబడింది. మా అమ్మగారికి శుక్లం ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన చుక్కలు మిగిలి ఉంటే వేసుకున్నాను, తగ్గింది. వెలుతురులోకి వస్తే మాత్రం నీరు కారుతోంది.
- ఒక పాఠకుడు

జవాబు: మీరు ఎక్స్‌రే గురించి అడిగారు. నన్ను కంగారు పెట్టినవి మీ ఉత్తరంలోని చివరి రెండు వాక్యాలు. నాలుగు రోజులైనా వెలుతురు భరించలేకపోతున్నారంటే అది తగ్గినట్టు కాదు. కన్ను చూడకుండా ఇదే జబ్బని నేను చెప్పలేను. కానీ ఇది చదివిన రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది, అలిపిరి వైపు అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. ఎక్కడైనా సరే, ఆదివారం దాకా ఆగవద్దు. బండి మీరు నడపవద్దు.

తల పైకెత్తి సీలింగ్ దగ్గర రంపం ఆడిస్తే పొడి నేరుగా కళ్లలోనే పడుతుంది. అందులో ఒక రవ్వ పై రెప్ప లోపల అతుక్కుంటే అద్దంలో ఎంత చూసుకున్నా కనిపించదు. మేము రెప్ప తిరగేసి చూస్తే గానీ దొరకదు. అది అక్కడ ఉన్నంతసేపూ రెప్ప వేసిన ప్రతిసారీ నల్లగుడ్డును గీరుతూనే ఉంటుంది. ఆ గీతలో సూక్ష్మజీవులు చేరితే పుండు పడుతుంది, పుండు మానినా పువ్వు (తెల్లమచ్చ) మిగిలిపోవచ్చు. షుగరు ఉన్నవారికి ఈ భయం ఇంకాస్త ఎక్కువ.

ఇక ఆ చుక్కలు. శుక్లం ఆపరేషన్ తరువాత ఇచ్చే చుక్కల్లో సాధారణంగా స్టెరాయిడ్ ఉంటుంది. అది ఎరుపును, నొప్పిని అణచివేస్తుంది, మీరేమో తగ్గిందనుకుంటారు. కింద పుండు ఉంటే, ముఖ్యంగా ఫంగస్ పుండయితే, అదే మందు దానికి ఎరువవుతుంది. ఎక్కువ రోజులు వాడితే కంటి లోపలి ఒత్తిడి పెరిగి, చూపు నరాన్ని దెబ్బతీసే గ్లకోమా కూడా రావచ్చు. పైగా మూత తీసిన చుక్కల సీసాను నెల దాటితే పారేయాలి. అమ్మగారి ఆపరేషన్ ఎప్పుడయిందో మీరు రాయలేదు! చదువుకున్నవారు కూడా ఫ్రిజ్ తలుపులో మందుల షాపు నడుపుతుంటే మేమేం చేయాలి? ఇంకొకరి చుక్కలు, ఆముదం, చనుబాలు, చీర కొంగు ఉండ చేసి నోటితో ఊది కాపడం... ఇవన్నీ అయ్యాక నా గదికి వచ్చేవారిని వారానికి ఒకరినైనా చూస్తాను. కోపం తెచ్చుకోకండి, ఆ చుక్కలు మాత్రం ఇక వేయవద్దు.

ఇంకో అనుమానం. మూలల సందులు పూడ్చడానికి తెల్ల సిమెంటు పుట్టీ వాడారా? పీవోపీ పొడి కంటిని ప్రధానంగా ఒరిపిడితోనే బాధిస్తుంది. పుట్టీ, సున్నం మాత్రం క్షారాలు, కంటిని లోలోపలికి కాల్చేస్తాయి. ఇలాంటివి పడితే నలపకుండా, వెంటనే కొళాయి కింద రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 15 నుంచి 20 నిమిషాలు మంచినీళ్లతో కడిగి, ఆ తరువాతే ఆసుపత్రికి బయలుదేరాలి.

ఊపిరితిత్తుల విషయానికి వస్తే, కొద్ది రోజులు పీవోపీ పొడి పీల్చినంత మాత్రాన మామూలుగా అవి పాడవవు. గొంతు గరగర, పొడి దగ్గు ఉండవచ్చు. ఏళ్ల తరబడి రాయి, సిమెంటు కోసేవారికి వచ్చే సిలికా జబ్బు వేరు. ఆయాసం, పిల్లికూతలు ఉంటేనో, దగ్గు రెండు వారాలు దాటితేనో రండి, ఎక్స్‌రే అవసరమో కాదో అప్పుడు చూద్దాం. ముఖానికి తుండుగుడ్డ చాలదు, ఎన్‌95 మాస్కు కావాలి.

మూలల సంగతి మేస్త్రీలకే బాగా తెలుసు. మా క్లినిక్‌లో పని చేసినాయన మాత్రం ప్రతి ముక్కనూ కిందే, చెక్క పెట్టెలో తలకిందులుగా, అంటే సీలింగ్‌కు తగిలే అంచు అడుగున ఉండేలా పెట్టి 45 డిగ్రీల గాడిలో కోసేవాడు. పైన రంపం పని ఉండేది కాదు. పీవోపీని వట్టి చేత్తో కలపవద్దు. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది, షుగరుతో చేతులు మొద్దుబారి ఉంటే కాలిందని కూడా తెలియదు.

మిగిలిన మూలలు ఇప్పుడు ముట్టుకోకండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ చుక్కల సీసా, మీ షుగరు మాత్రల చీటీ, పుట్టీ వాడి ఉంటే ఆ సంచి ఫోటో వెంట తీసుకెళ్లండి.