హాస్టల్ వార్డెన్‌గా వెళ్తున్న మా శీనుకి

చిరంజీవి శీనుకి, బాబాయి ఆశీస్సులు.

మగపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. ఊరంతా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బియ్యం, పప్పు లెక్కలు ఏ రోజువి ఆ రోజే రాసుకో. నీళ్ల ట్యాంకు కడిగించు. ఇవన్నీ ఎవరైనా చెప్తారు.

నా బెంగంతా ఏడు, ఎనిమిది క్లాసుల వాళ్ల గురించి. నిన్నటిదాకా వెనకే తిరిగినవాడు ఉన్నట్టుండి ఎదురు చెప్తాడు, చిన్నమాటకే కంచం తోసేస్తాడు, రాత్రి దుప్పటి ముసుగులో ఏడుస్తాడు. పొగరనుకోకు.

నేను సైన్సు చెప్పే రోజుల్లో, బడి పక్క హాస్టల్లో ఎనిమిదో క్లాసు కుర్రాడొకడు ఉండేవాడు. కబడ్డీలో కూతకెళ్తే వాణ్ణి ఆపేవాళ్లు లేరు. అలాంటివాడు ఆటకి రావడం మానేశాడు. తొట్టి దగ్గర బనీనుతోనే నీళ్లు పోసుకుని, ఆ తడి బనీను మీదే చొక్కా తొడుక్కునేవాడు. ఒకరోజు వార్డెన్ "ఆడపిల్లవా, అంత సిగ్గేంటి?" అంటూ అందరి ముందూ బనీను లాగేశాడు. రొమ్ములు కాస్త ఉబ్బి ఉన్నాయి, అంతే. సాయంత్రానికి హాస్టలంతా వాడికో పేరు పెట్టేసింది. తెల్లారేసరికి ట్రంకుపెట్టె కూడా వదిలేసి వాడు వెళ్లిపోయాడు. వాళ్ల ఊరెళ్లి బతిమాలాను, గది తలుపు తియ్యలేదు. మళ్లీ బడి మొహం చూడలేదు.

అది జబ్బు కాదు శీనూ. ఆ వయసులో దాదాపు సగంమంది మగపిల్లలకి హార్మోన్ల వల్ల చనుమొనల కింద గట్టిపడుతుంది. చాలామందికి ఏడాది, రెండేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. ఈ ముక్క వాడికి చాటుగా చెప్పే పెద్దవాడు ఆ హాస్టల్లో లేకపోయాడు.

అందుకే, ముందు స్నానాల గదులకి తలుపులు బిగించు. దుప్పటి మీద మరక కనిపిస్తే సబ్బిచ్చి ఊరుకో. అడిగితే మాత్రం, నిద్రలో వీర్యం పోవడం ఆ వయసుకి మామూలేనని చెప్పు. గొంతు బొంగురుపోయినవాణ్ణి ప్రార్థన పాడమని బలవంతపెట్టకు. కొందరికి 9 ఏళ్లకే మార్పులు మొదలవుతాయి, కొందరికి 14 దాకా ఆలస్యం. ఒకే బెంచీ మీద ఒకడికి నూనూగు మీసం, పక్కవాడికి పాలబుగ్గలు. ఇద్దరికీ దిగులే.

చచ్చిపోతానని ఎవడైనా అంటే వేళాకోళం అనుకోకు. వాణ్ణి ఒంటరిగా వదలకుండా 14416కి ఫోన్ చెయ్యి, అది మనసు బాగాలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. చిన్నవాడి మీద ఎవరైనా చెయ్యి వేశారని తెలిస్తే, హాస్టల్ పరువని దాచావో, నా గడప తొక్కకు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పు.

నీకు కోపం ఎక్కువ. మొటిమలొచ్చాయని అక్క పెళ్లి ఫోటోల్లోకి రాకుండా డాబా మీద దాక్కున్నావు, గుర్తుందా? ఏమీ అడక్కుండా పెరుగన్నం తెచ్చి పక్కన కూర్చున్నాను. నువ్వే మాట్లాడావు. వాళ్ల దగ్గరా అలాగే కూర్చోరా నాన్నా.

చేరిన వారానికి ఫోన్ చెయ్యి. ఎవడైనా అన్నం మానేసి గదిలోనే ఉండిపోతుంటే అర్ధరాత్రైనా సరే, ఫోన్ చేసి నన్ను లేపు.

మీ బాబాయి